అంబాసిడర్ మార్క్ 3: పాయింట్లు, కార్బొరేటర్ రెండూ ఒకేసారి తీసేయాలా?

ప్రశ్న: మార్క్‌3_హన్మకొండ

అందరికీ నమస్కారం. మా బాపు 1978లో కొన్న అంబాసిడర్ మార్క్ 3 ఇంకా మా దగ్గరే ఉంది. 1489 సీసీ పెట్రోలు ఇంజను, సోలెక్స్ కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపేది), లూకాస్ డెల్కో (ప్లగ్‌లకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్). బాపు వరంగల్‌లో పత్తి అడ్తి నడిపేవారు. పరకాల, నర్సంపేట, భూపాలపల్లి దాకా రైతుల దగ్గరికి ఈ బండి మీదే తిరిగారు. ఆయన పోయి ఆరేళ్లయింది. నాది బ్యాంకు ఉద్యోగం, బండి పని చూసుకునేది ఆదివారాలే.

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు బాగానే పోతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కాక మిస్సింగ్ మొదలవుతుంది, పికప్ పోతుంది, జర్కులిచ్చి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి అరగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. పోయిన మే నెలలో అమ్మను రామప్పకు తీసుకెళ్దామని బయల్దేరితే ఆత్మకూరు దాటాక ఒకసారి, మల్లంపల్లి దగ్గర ఇంకోసారి ఆగింది. రెండోసారి ఇక అందుకోలేదు. అమ్మ నెత్తిన తడి తువ్వాల వేసుకుని వేపచెట్టు కింద కూర్చుంది. "మీ బాపు ఉన్నప్పుడు ఇట్ల ఎన్నడూ ఆగలేదు బిడ్డా" అంది. ఆ మాట ఇంకా మనసులోనే ఉంది.

మా బండికి ముప్పై అయిదేళ్లుగా ఒక్కరే మేస్త్రి. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన నిలబడి చూసేవాణ్ని. డెల్కో మూతకున్న రెండు క్లిప్పులు ఊడదీసి, రోటర్ తీసి జేబులో వేసుకునేవారు. ఫ్యాన్ బెల్టు పట్టుకుని ఇంజను కొంచెం కొంచెం తిప్పుతూ, పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచే రెండు చిన్న లోహపు ముక్కలు) బాగా తెరుచుకున్న చోట ఆపేవారు. నల్లబడ్డ పాయింట్ల మధ్య ఎమ్రీ పేపర్ ముక్క రెండుసార్లు లాగి, నోటితో ఊది, పెళ్లి పత్రిక అట్ట ముక్క పెట్టి స్క్రూ బిగించేవారు. అట్టను వేలితో లాగితే కొంచెం పట్టుకుని జారాలి. ఒకసారి ఆయన చేసి వెళ్లాక ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చూశాను, 0.38 మిల్లీమీటర్లు! కంటి ఆపరేషన్ తర్వాత పోయిన దసరాకు ఆయన షెడ్డు మూసేశారు.

ఇప్పుడు ఏ షెడ్డుకు పోయినా స్కానర్ ఎక్కడ పెట్టాలని అడుగుతున్నారు. ఒక చోట మాత్రం "ఈ పాత సామానంతా తీసేద్దాం సార్, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూల్ వేసి, కార్బొరేటర్ తీసి మారుతి 800ది బిగిద్దాం, పద్దెనిమిది వేలు" అన్నారు. ఒప్పుకోవాలా వద్దా తెలియక వచ్చేశాను. రెండూ ఒకేసారి మార్చడం సరైనదేనా? ఒక్కటే మార్చాలంటే ముందు ఏది? 2028లో బండికి 50 ఏళ్లు నిండుతాయి, వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఈ మార్పులు అడ్డమవుతాయా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు: కరీంనగర్_మార్క్4

అన్నా, డబ్బులు ఇవ్వకుండా వచ్చేసి మంచి పని చేశావు. రెండూ ఒకేసారి మారిస్తే, బండి మళ్లీ ఆగినప్పుడు తప్పు కొత్త ఇగ్నిషన్‌లో ఉందో కొత్త కార్బొరేటర్‌లో ఉందో ఎవరికీ తెలియదు. నా 1984 బండికి నేను అదే పొరపాటు చేశాను. నాలుగు నెలలు రెండు షెడ్ల మధ్య తిరిగాను. ఎలక్ట్రికల్ ఆయన కార్బొరేటర్ అంటాడు, కార్బొరేటర్ ఆయన కరెంటు అంటాడు.

ముందు తప్పు ఎక్కడుందో పట్టుకో. బండి ఇంటి దగ్గర ఆగేట్టు చూసుకో, అంటే కాలనీలోనే అరగంట తిప్పు. ఆగగానే ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బొరేటర్ గొంతులోకి టార్చి వేసి చూడు. ఇంజను ఆపే ఉండాలి, చేత్తో థ్రాటిల్ ఒక్కసారి తిప్పు. లోపల సన్నటి పెట్రోలు ధార గట్టిగా కొట్టిందంటే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు ఉన్నట్టే. ధార రాకపోతే వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోయి పంపు లాగలేకపోతోంది అనుకోవచ్చు. మన ఇంజనులో కార్బొరేటర్, సైలెన్సర్ మానిఫోల్డ్ రెండూ ఒకే పక్క ఉంటాయి, కింద నుంచి వేడి నేరుగా గిన్నెకు తగులుతుంది. మన మే ఎండలకు అది మామూలే.

ధార బాగుంటే ఎయిర్ ఫిల్టర్ మళ్లీ బిగించు, పెట్రోలు వాసన పోయాక ఒక ప్లగ్ వైరు ఊడదీసి, దానికి పాత ప్లగ్ తగిలించి బ్లాక్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టించు. నీలంగా టప్‌మని కొడితే కరెంటు సరే. పసుపు, ఎరుపు రంగులో సన్నగా వస్తే కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పురవ్వలు రాకుండా ఆపేది) గానీ కాయిల్ (స్పార్కుకు కావలసిన వోల్టేజీ పెంచేది) గానీ పోయినట్టు. వేడెక్కాక చచ్చి, చల్లారాక బతికే కండెన్సర్లు నేను మూడు చూశాను. అది రూపాయల్లో పోయే సామాను, దాని కోసం పద్దెనిమిది వేలు పెట్టొద్దు.

డెల్కో మూత తీసినప్పుడు పాయింట్లు కూడా జాగ్రత్తగా చూడు. ఒక పాయింటు మీద గుంట, ఎదురు పాయింటు మీద చిన్న గుట్ట ఉంటే కండెన్సర్ కెపాసిటీ సరిగా లేనట్టు.

జవాబు: కాజీపేట_షెడ్డు

సార్, నాది కాజీపేటలో షెడ్డు, ఇరవై ఎనిమిదేళ్ల నుంచి పెట్రోలు బండ్ల పని. మారుతి 800 కార్బొరేటర్ సంగతి సూటిగా చెప్తాను, వేయించకండి. అది 796 సీసీ ఇంజను గాలికి లెక్కగట్టి చేసిన గొంతు. మీ ఇంజను దాదాపు రెండింతలు. స్లో (రేస్ ఇవ్వకుండా ఇంజను తిరగడం) నిలబడుతుంది, ఊళ్లో నడుస్తుంది, ములుగు రోడ్డు మీద మూడో గేరులో రేస్ ఇస్తే ఊపిరాడక చతికిలబడుతుంది. మానిఫోల్డ్ మీద కూర్చోవడానికి అడాప్టర్ ప్లేటు వేస్తారు, అక్కడొక గాలి లీకు కొత్తగా పుడుతుంది.

మీ సోలెక్స్ పాడైపోయిందని ఎవరూ రుజువు చేయలేదు కదా. నా దగ్గరికి వచ్చే పాత సోలెక్స్‌లలో ఎక్కువగా అరిగేది థ్రాటిల్ స్పిండిల్ తిరిగే రంధ్రం. స్పిండిల్‌ను వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కటకటమని ఆడిందంటే అక్కడి నుంచి దొంగ గాలి పోతోంది, మిక్చర్ స్క్రూ ఎంత తిప్పినా స్లో కుదరదు. లేత్ షాపులో ఆ రంధ్రం పెద్దది చేసి ఇత్తడి బుష్ కొట్టిస్తే సరిపోతుంది. దాంతో పాటు నీడిల్ వాల్వ్ (ఫ్లోట్ గిన్నెలోకి పెట్రోలు వదిలి ఆపేది), యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం, గాస్కెట్లు మార్పించండి. కార్బొరేటర్ కింద బేకలైట్ స్పేసర్ ఉందో లేదో చూడండి, చాలా బండ్లలో ఎవరో ఎప్పుడో తీసి పారేసి ఉంటారు. వేడిని ఆపేది అదే.

ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. రెండూ కలిస్తే 13.5 దగ్గరికి వస్తుంది. జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రం) మాత్రం పాత లెక్కలోనే పెట్రోలు వదులుతుంది కాబట్టి మిక్చర్ పల్చబడుతుంది, బండి వేడెక్కుతుంది, రేస్ ఇచ్చినప్పుడు వెనక్కి తంతుంది. సోలెక్స్ జెట్ మీద నంబరంటే మిల్లీమీటరులో వందో వంతుల లెక్క, 120 అంటే 1.20 మిల్లీమీటర్ల రంధ్రం. మీ జెట్ నంబరు చూసి, దానికి ఒక సైజు పైది వేసి, ప్లగ్ రంగు చూసుకోండి. తెల్లగా ఉంటే పలచన, ఇటుక రంగు ఉంటే సరి. జెట్‌లో తీగ పెట్టి గీకి పెద్దది చేసేవాళ్లున్నారు, దగ్గరికి కూడా రానివ్వకండి. పాత నల్ల రబ్బరు పైపులు ఈ పెట్రోలుకు లోపల మెత్తబడి ముక్కలు రాలుతాయి, ఆ ముక్కలే నీడిల్ వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. ఇథనాల్‌కు తట్టుకునే పైపు అని అడిగి వేయించండి.

జవాబు: నిజామాబాద్_పెద్దాయన

తమ్ముడూ, నేను మాత్రం పాయింట్లు ఉంచుకొమ్మనే చెప్తాను. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్క చుట్టుకు రెండు స్పార్కులు ఇస్తుంది. 3000 ఆర్‌పీఎమ్ మీద పాయింట్లు నిమిషానికి ఆరు వేల సార్లు తెరుచుకుంటాయి. అరుగుతాయి, ఒప్పుకుంటాను. కానీ మెల్లగా అరుగుతాయి, ముందే చెప్తాయి. ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పోయిందంటే దార్లో చేయడానికి ఏమీ ఉండదు. నా డిక్కీలో పాయింట్ సెట్టు, కండెన్సర్, రోటర్ ఎప్పుడూ ఉంటాయి. బాసర నుంచి వస్తూ రాత్రి తొమ్మిదింటికి సెల్‌ఫోన్ వెలుగులో పావుగంటలో మార్చుకున్నాను.

వింటేజ్ సంగతి: 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు కుదరవు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు పోయించుకోవడం లాంటి వాటికే రోడ్డెక్కాలి. అమ్మను రామప్పకు తీసుకెళ్లాలంటే మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవడమే నీకు మేలు. ఏది చేసినా తీసిన సామాను మాత్రం పారేయకు.

జవాబు: మార్క్‌3_హన్మకొండ

అందరికీ చాలా థాంక్స్. మూడు ఆదివారాల సంగతి రాస్తున్నాను.

మొదటి ఆదివారం కరీంనగర్ తమ్ముడు చెప్పినట్టే కాలనీలో తిప్పి ఆపాను. కార్బొరేటర్ గొంతులో ధార గట్టిగానే కొట్టింది. ప్లగ్ పెట్టి చూస్తే మధ్యాహ్నం నీడలో కూడా కనిపించీ కనిపించనట్టు సన్నటి పసుపు గీత. డెల్కో మూత తీశాను. ఒక పాయింటు మీద ఆవగింజంత గుట్ట, ఎదురుగా అంతే గుంట! ఇంజను చల్లారకముందే కొత్త కండెన్సర్ వేసి, పాయింట్లు మార్చి 0.38 పెట్టాను. వెంటనే అందుకుంది. గంటంబావు తిప్పాను, ఆగలేదు. సాయంత్రం మా మేస్త్రి గారింటికి పోయి ఆ పాత కండెన్సర్ ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "బయటి నుంచి ఏం తెలుస్తది బిడ్డా, వేడెక్కినంకనే దీని గుణం బయటపడేది" అన్నారు.

రెండో ఆదివారం కార్బొరేటర్. స్పిండిల్ నిజంగానే ఆడుతోంది. కాజీపేట మేస్త్రి గారి దగ్గరికే తీసుకెళ్లాను, లేత్‌లో బుష్‌లు కొట్టించి డయాఫ్రం, నీడిల్ వాల్వ్, పైపులు మార్చారు. బేకలైట్ స్పేసర్ లేనే లేదు, వేరే బండిది దొరికింది. స్లో ఇప్పుడు కదలకుండా నిలబడుతోంది. జెట్ ఒక సైజు పెంచాక ప్లగ్‌లు ఇటుక రంగులోకి వచ్చాయి.

మూడో వారం చాలా ఆలోచించి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేయించాను. నిజామాబాద్ అన్నగారూ, మీ మాట కాదనాలని కాదు. పాయింట్లు నేను పెట్టగలను, కానీ నేను ఊళ్లో లేనప్పుడు అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే మా అబ్బాయికి అది చేతకాదు. అందుకే మూత కింద ఇమిడిపోయే రకం తీసుకున్నాను. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు, అరగంటలో పాత ప్లేటు మళ్లీ బిగించుకోవచ్చు.

జవాబు: కాజీపేట_షెడ్డు

మంచిది సార్. మాడ్యూల్ వేసుకునేవాళ్లందరికీ నాలుగు మాటలు. ముందు బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి ఉందో చూడండి, వైర్లు తారుమారైతే మాడ్యూల్ అక్కడికక్కడే పోతుంది. కాయిల్ ప్రైమరీని మల్టీమీటర్‌తో కొలవండి. బ్యాలస్ట్ (కాయిల్‌కు కరెంటు తగ్గించే రెసిస్టర్) లేని బండికి 3 ఓమ్‌లకు అటూ ఇటుగా ఉండాలి, తక్కువ ఓమ్‌ల కాయిల్ తగిలిస్తే మాడ్యూల్ వేడెక్కి చస్తుంది. ప్లగ్ వైర్లు రాగి తీగవి ఉంటే తీసేసి సప్రెషన్ వైర్లు (స్పార్కు వల్ల పుట్టే విద్యుత్ అంతరాయాన్ని తగ్గించేవి) వేయించండి. ఇంజను ఆపి తాళంచెవి ఆన్‌లో వదిలి కూర్చోకండి. బిగించాక టైమింగ్ లైట్‌తో టైమింగ్ (స్పార్కు పడే సమయం) మళ్లీ చూడాల్సిందే, పాయింట్లతో పెట్టిన టైమింగ్ దీనికి సరిపోదు. పుల్లీ మీది గాటుకు సుద్దముక్క రుద్దితే బాగా కనిపిస్తుంది.

జవాబు: మార్క్‌3_హన్మకొండ

టైమింగ్ నిన్న మీ దగ్గరే చూపించుకున్నాను కదా, ఈ రోజు పొద్దున ఆరింటికి అమ్మను ఎక్కించుకుని బయల్దేరాం. మల్లంపల్లిలో ఆ వేపచెట్టు దగ్గర నేనే ఆపాను, ఇంజను ఆపకుండా. అమ్మ దిగలేదు, "పోనియ్ బిడ్డా" అంది. రామప్ప చూసుకుని పదకొండున్నరకు ఎండలో తిరిగి వచ్చాం. రానూపోనూ 140 కిలోమీటర్ల దాకా, ఎక్కడా ఆగలేదు. పాత పాయింట్ ప్లేటు, కొత్త కండెన్సర్ ఒకటి నూనె గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకున్నాను.