పార్టీ మారే ఎమ్మెల్యే ముందు రాజీనామా చేయాలా, వద్దా? (2025లో ఒక గ్రూపులో నడిచిన చర్చ)

గులాబీ కండువా:
2025 జూలై 31న సుప్రీంకోర్టు తీర్పు చూశారు కదా. 2023లో బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్‌లోకి పోయిన పదిమంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలట. తేల్చనీ. నేను అడిగేది వేరు. పోదలుచుకున్నవాడు ఆ పదవిని అక్కడే వదిలేసి పోవచ్చు కదా? దానం నాగేందర్ ఖైరతాబాద్‌లో కారు గుర్తు మీద గెలిచారు. ఆ సీటు వదలకుండానే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు చెయ్యి గుర్తు మీద నిలబడ్డారు. పార్టీ మారారని చెప్పడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

చేతి గుర్తు:
బావా, ఇదే ప్రశ్న నువ్వు 2019 జూన్‌లో అడిగుంటే నీకు దండం పెట్టేవాణ్ణి. అప్పుడు మాకు 19 మంది ఎమ్మెల్యేలు. ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి అసెంబ్లీ సీటు వదులుకోగానే 18 అయ్యాం. మూడింట రెండు వంతుల మంది కలిసి పోతే విలీనం, పదవి పోదు. పద్దెనిమిదిలో మూడింట రెండు వంతులంటే సరిగ్గా పన్నెండు. లెక్క కుదిరిన వెంటనే పన్నెండు మంది స్పీకర్‌కు లేఖ ఇచ్చారు, విలీనం అయిపోయింది. మాకు మిగిలింది ఆరుగురు. ఏడుగురున్న మజ్లిస్ మాకన్నా పెద్ద పార్టీ అయింది, పీఏసీ (ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే అసెంబ్లీ కమిటీ) చైర్మన్ పదవి అక్బరుద్దీన్‌కు పోయింది. భట్టి విక్రమార్క ఇందిరా పార్కు దగ్గర దీక్షకు కూర్చుంటే మీవాళ్లు నవ్వారు.

గులాబీ కండువా:
అది విలీనం. రాజ్యాంగం పదో షెడ్యూల్ (ఫిరాయింపుల చట్టం) నాలుగో పేరా ఒప్పుకున్నదే. మీ సంగతేంది మరి? మాకు 39 వచ్చాయి, కంటోన్మెంట్ ఉప ఎన్నిక తర్వాత 38. విలీనం అనాలంటే 26 మంది కావాలి. మీరు పది దగ్గరే ఆగిపోయారు. చట్టం ప్రకారం చూసినా మీది తప్పే.

చేతి గుర్తు:
ఆ పన్నెండు మంది ఒకేరోజు నిద్ర లేచి వచ్చారా? మార్చి నుంచి ఒక్కొక్కరే టీఆర్ఎస్‌లో (ఇప్పటి మీ బీఆర్ఎస్) చేరుతున్నామని ప్రకటిస్తూ వచ్చారు. చిల్లరగా కొని, చివర్లో హోల్‌సేల్ బిల్లు రాయించుకున్నారు. తలసాని శ్రీనివాస్ యాదవ్ సంగతి అసలు చెప్పనే లేదు. 2014లో టీడీపీ టికెట్ మీద గెలిచి, అదే ఏడాది మీ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. రాజీనామా ఇచ్చానన్నారు, దాన్ని ఆమోదించినవాడు లేడు. స్పీకర్ ఎవరి మనిషి అప్పుడు?

కోర్టు మెట్లు:
ఇద్దరూ కాస్త ఆగండి. 1985లో 52వ సవరణతో ఈ చట్టం వచ్చినప్పుడు మూడింట ఒక వంతు మంది చీలినా సభ్యత్వం పోయేది కాదు. 2003లో 91వ సవరణ ఆ చీలిక వెసులుబాటు తీసేసింది, విలీనం మాత్రం మిగిలింది. అంటే ఒక్కడు పోతే ఫిరాయింపు, గుంపుగా పోతే విలీనం. పార్టీ సభ్యత్వం 'స్వచ్ఛందంగా వదులుకోవడం' అంటే లేఖ రాసి ఇవ్వడమే కానక్కర్లేదు, నడవడిక చూసి కూడా తేల్చవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. కాబట్టి కండువా కప్పించుకుని, 'నియోజకవర్గ అభివృద్ధి కోసం ముఖ్యమంత్రిని కలిశాను' అంటే ఎప్పుడూ చెల్లుతుందనుకోలేం. అసలు చిక్కు స్పీకర్ దగ్గరుంది. తేల్చాల్సింది ఆయనే, ఆయనేమో అధికార పార్టీ సభ్యుడు. మణిపూర్ ఎమ్మెల్యే ఫిరాయింపు కేసులో 2020లోనే కోర్టు మూడు నెలల గడువు మాట అంది, దీనికి స్వతంత్ర ట్రిబ్యునల్ పెట్టే ఆలోచన చేయమని పార్లమెంటుకు సూచించింది. ఐదేళ్లు గడిచాయి, ఆ సూచన ఎక్కడిదక్కడే ఉంది.

చేతి గుర్తు:
సార్ చెప్పింది సరే. కానీ ప్రతిపక్ష ఎమ్మెల్యే కష్టం కూడా చూడండి. రోడ్డు అడిగితే ఫైలు కదలదు, జనం వాళ్ల మీదే పడతారు. రాజీనామా చేసి ఉప ఎన్నికకు పొమ్మంటే ఏమవుతుందో మునుగోడులో చూశాం.

మునుగోడు ఓటరు:
చూసింది మేము. 2022లో మా ఊళ్లలో మంత్రులు, ఎమ్మెల్యేలు మకాం వేసి ఇల్లిల్లూ తిరిగారు. ఖర్చు సంగతి ఎత్తొద్దు, సిగ్గేస్తుంది. అయినా ఒకటి చెప్తా. రాజగోపాల్ రెడ్డి కాంగ్రెస్ వదిలినప్పుడు సీటు కూడా వదిలారు, బీజేపీ తరఫున నిలబడి ఓడిపోయారు. 2023లో మళ్లీ కాంగ్రెస్ తరఫున వచ్చారు, గెలిపించాం. ఆయన చేసింది నచ్చినా నచ్చకపోయినా రెండుసార్లూ మమ్మల్ని అడిగారు. ఈ పదిమంది వాళ్ల ఓటర్లను ఎప్పుడు అడిగారు?

గులాబీ కండువా:
ఈటల రాజేందర్ కూడా అంతే. 2021లో మా పార్టీ వదిలారు, సీటుకు రాజీనామా ఇచ్చారు, హుజూరాబాద్‌లో మమ్మల్ని ఓడించి వచ్చారు. ఆ రోజు నాకు మంట పుట్టింది, కానీ దొంగదారి అని మాత్రం అనలేం. అంతెందుకు, కేసీఆర్ 2001లో టీడీపీ వదిలినప్పుడు ఎమ్మెల్యే పదవి కూడా వదిలి సిద్దిపేటలో మళ్లీ గెలిచారు.

చేతి గుర్తు:
అదే కేసీఆర్ ముఖ్యమంత్రి అయ్యాక టీడీపీలో గెలిచిన పదిహేను మందిలో పన్నెండు మందిని విలీనం చేసుకున్నారు కదా. వాళ్లలో ఎంతమందిని సిద్దిపేట దారిలో పంపారు?

గులాబీ కండువా:
ఒక్కరినీ పంపలేదు. మరి మీరు 2024 మేనిఫెస్టోలో ఏం రాసుకున్నారు? పార్టీ ఫిరాయిస్తే సభ్యత్వం దానంతటదే పోయేలా చట్టం మారుస్తామని. అది ఏప్రిల్‌లో తుక్కుగూడ సభలో కూడా చూపించారు. అప్పటికే దానం మీ పార్టీలో ఉన్నారు.

చేతి గుర్తు:
ఆ హామీ పార్లమెంటులో సవరణ గురించి. ఢిల్లీలో మా ప్రభుత్వం లేదు.

గులాబీ కండువా:
మీరు రాసుకున్న మాట మీరు పాటించడానికి ఢిల్లీ ఎందుకు బావా? పోనీ, అరికెపూడి గాంధీ సంగతి చెప్పు. శేరిలింగంపల్లి ఎమ్మెల్యే. మీతో కలిశారని మేమంటే, కాదు ప్రతిపక్షమే అని ఆయనకు పీఏసీ చైర్మన్ ఇచ్చారు. ప్రతిపక్షానికి ఇవ్వాల్సిన కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో కూడా మీరే ఎంచుకున్నారు.

చేతి గుర్తు:
2019లో ఆ కుర్చీ మీ మిత్రపక్షానికి పోయినప్పుడు ఇంత బాధ కనిపించలేదే!

కోర్టు మెట్లు:
ఒక్క ప్రశ్న, అవునో కాదో చెప్పండి. ఒక్కడైనా, మూడింట రెండు వంతులైనా, పార్టీ మారితే సీటు ఖాళీ. మళ్లీ గెలిచేదాకా మంత్రి పదవి కూడా లేదు. ఒప్పుకుంటారా?

గులాబీ కండువా:
ఒప్పుకుంటా. ఈ రోజు నుంచే.

చేతి గుర్తు:
ప్రతిపక్షంలో కూర్చుంటే ఒప్పుకోవడం సులువే. సరే, నేనూ ఒప్పుకుంటా, కానీ తర్వాతి అసెంబ్లీ నుంచి.

మునుగోడు ఓటరు:
అంటే ఈ పదిమంది దాటిపోయాక!

చేతి గుర్తు:
అది స్పీకర్ చూసుకుంటారు. నువ్వు చెప్పు బావా, ఖైరతాబాద్‌లో ఉప ఎన్నిక వస్తే మీ అభ్యర్థి ఎవరు?

గులాబీ కండువా:
ఎవరైనా సరే, మీ దగ్గర్నుంచి వచ్చినోడు మాత్రం కాదు.

చేతి గుర్తు:
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.