యూకేలో విడాకులు తగ్గాయా, పెరిగాయా? ఎవరైనా తేల్చండి

మిల్టన్‌కీన్స్ బావ:
ఫ్యామిలీ గ్రూపులో రెండ్రోజులుగా ఇదే రచ్చ. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021లో 1,13,505 విడాకులైతే 2022లో 80,057కి పడిపోయాయని గుంటూరు నుంచి మా బాబాయి ఒక ఫార్వర్డ్ పెట్టి, కింద "చూశారా, వాళ్లూ మన దారికొస్తున్నారు" అని రాశారు. మా చెల్లి ఊరుకుంటుందా, 2023లో మళ్లీ లక్ష దాటాయని స్క్రీన్‌షాట్ పడేసింది. రెండూ ప్రభుత్వ లెక్కలే. ముప్ఫై వేలకు పైగా జంటలు ఒక ఏడాది సర్దుకుపోయి మరుసటి ఏడాది మళ్లీ కొట్టుకున్నాయా? ఇంకో డౌటు, ఆ పట్టికలో సివిల్ పార్ట్‌నర్‌షిప్‌ల రద్దు అని వేరే ఉంది. అదేంటి, సహజీవనమా?

కోర్టుపక్షి:
ఎవరూ సర్దుకుపోలేదు బాబూ, చట్టం మారిందంతే. 2022 ఏప్రిల్ 6 నుంచి తప్పెవరిదో చెప్పక్కర్లేకుండా విడాకులు ఇస్తున్నారు. కాకపోతే అప్లికేషన్ వేశాక 20 వారాలు ఆగాలి, అప్పుడు కండిషనల్ ఆర్డర్ (విడాకులకి అడ్డేమీ లేదని కోర్టు చెప్పేది), తర్వాత ఇంకో ఆరు వారాలకి ఫైనల్ ఆర్డర్, అంటే అసలు విడాకులు. అంటే ఏప్రిల్‌లో వేసినవాళ్లకి అక్టోబరు లోపు వచ్చే ప్రసక్తే లేదు, పైగా కొత్త చట్టం వస్తోంది కదా అని అంతకుముందు ఆగినవాళ్లూ ఉన్నారు. అందుకే ఆ ఏడాది లెక్క 1971 తర్వాత ఎప్పుడూ లేనంత కిందికి పోయింది, ఆగినవన్నీ 2023లో పడ్డాయి. మీ బాబాయికి తగ్గుదలే కావాలంటే 1993 చూపించండి, అప్పుడు లక్షా 65 వేలు. అక్కణ్ణుంచి తగ్గిన మాట నిజమే, కానీ అసలు పెళ్లి చేసుకునేవాళ్లే తగ్గారుగా, చేసుకునేవాళ్లూ ముప్ఫై దాటాక చేసుకుంటున్నారు.

లెస్టర్ పిల్ల:
పాత పద్ధతి ఎలా ఉండేదో మా ఫ్రెండ్‌ని చూశాను. భర్తవి అయిదారు "తప్పులు" రాయాలని లాయర్ అంటే, మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడడు అన్నది కూడా రాసింది పాపం, అది చదివి అప్పటిదాకా మంచిగా ఉన్న అతను భగ్గుమన్నాడు. ఓవెన్స్ అనే ఆవిడైతే ఇక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2018లో విడాకులు రాలేదు, అయిదేళ్లు విడిగా ఉండి తెచ్చుకోవాల్సి వచ్చింది. నాది 2023లో. ఇద్దరం కలిసే ఆన్‌లైన్‌లో వేశాం, 593 పౌండ్లు చెరి సగం. ఫైనల్ ఆర్డర్ మెయిల్ వచ్చినప్పుడు నేను షాపులో కరివేపాకు ఏరుకుంటున్నాను, చదివి ఫోన్ జేబులో పెట్టుకుని మళ్లీ ఏరుకున్నాను.

కోర్టుపక్షి:
సివిల్ పార్ట్‌నర్‌షిప్ సహజీవనం కాదు, రిజిస్టరయ్యే బంధం, హక్కులు దాదాపు పెళ్లితో సమానం. 2005 చివర్లో స్వలింగ జంటల కోసం మొదలైంది, 2019 డిసెంబర్ 31 నుంచి ఆడా మగా జంటలకీ ఇచ్చారు. రద్దుకీ ఇదే చట్టం, రిజిస్టరైన మొదటి ఏడాదిలో వేయడానికి లేదు. 2014లో స్వలింగ వివాహాలు వచ్చాక కొత్త సివిల్ పార్ట్‌నర్‌షిప్‌లు ఢమాల్, 2013లో అయిదున్నర వేలు దాటినవి 2015కి వెయ్యి లోపే. ఉన్నవాళ్లలో చాలామంది పెళ్లిగా మార్చుకున్నారు, అలా మారితే రద్దు కింద రాయరు.

గోదారోడు:
ఇండియాలో పెళ్లై ఇక్కడ విడిపోయేవాళ్లు ఒక్కటి చూసుకోండి. తిరుపతిలో పెళ్లైన జంటకి అమెరికా కోర్టు ఇచ్చిన విడాకులు చెల్లవని మన సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో ఒకరే వేసి, రెండోవాళ్లు కోర్టుకి రాకపోతే ఇండియాలో ఆ విడాకులు చెల్లడం చిక్కే. రెండోవాళ్లు ఒప్పుకుంటే చాలావరకు నిలుస్తుంది, కాబట్టి లెస్టర్ చెల్లెమ్మలా కలిసి వేసుకోవడం మేలు. వేసేముందు అక్కడి లాయర్‌ని ఒకసారి అడగండి.

మిల్టన్‌కీన్స్ బావ:
థాంక్సండీ అందరికీ. గ్రూపులో పెట్టాను. బాబాయి చూశారు, బ్లూ టిక్ పడింది, ఇప్పుడే "శుభోదయం" పువ్వు పంపారు.