సాలార్‌జంగ్ మ్యూజియం ప్రత్యేక ప్రదర్శనలకు పిల్లలను ఎప్పుడు తీసుకువెళ్లాలి?

ప్రశ్న – ఉపాధ్యాయురాలు, హనుమకొండ

నమస్కారం. నేను తొమ్మిదో తరగతికి సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. ఈ ఏడు మా పిల్లలను హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్లాలని అనుకుంటున్నాం. ఎప్పుడూ ఉండే గ్యాలరీలతో పాటు, కొద్ది రోజులే ఉండే ప్రత్యేక ప్రదర్శనో, ఉత్సవమో జరుగుతున్నప్పుడు వెళ్తే పిల్లలకు ఎక్కువ మేలని నా అభిప్రాయం. అటువంటివి ఏ రోజుల్లో ఉంటాయో ముందుగా అంచనా వేసుకునే వీలుందా? వెళ్లే ముందు తరగతిలో ఏం చెప్పాలి?

జవాబు – జనగామ

మేడమ్ గారూ, ప్రదర్శనల తేదీలు తరచుగా దగ్గరపడ్డాకే తెలుస్తాయి. అయితే మ్యూజియాలు కార్యక్రమాలు పెట్టుకునే సందర్భాలు కొన్ని ఏటా అవే తేదీల్లో వస్తాయి. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, కానీ అప్పుడు మనకు వేసవి సెలవులు. ఎవరి సేకరణతో ఈ మ్యూజియం ఏర్పడిందో ఆ మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జయంతి జూన్ 13న వస్తుంది, అప్పటికి బడులు తెరిచిన హడావుడి తగ్గదు. నవంబరు 19 నుంచి 25 వరకు జరిగే ప్రపంచ వారసత్వ వారోత్సవాలే మీకు అన్ని విధాలా అనువైనవి, ఎందుకంటే బతుకమ్మ, దసరా సెలవులు అయిపోయి ఉంటాయి, ఎండ బాధ కూడా ఉండదు. అది కుదరకపోతే డిసెంబరు 16 చూడండి. 1951లో అదే రోజున నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. శుక్రవారం మాత్రం సెలవు. పాఠశాల తరఫున ముందుగానే ఉత్తరం రాసి, ఆ వారంలో ఏమేమి ఉన్నాయో అడిగి తెలుసుకోండి.

జవాబు – చేర్యాల

తేదీల సంగతి పైవారు చక్కగా చెప్పారు. నేను రెండో ప్రశ్నకు జవాబిస్తాను. ఒక బొమ్మ ఎలా తయారైందో, ఎవరి కోసం తయారైందో తెలియని పిల్లవాడు దాని ముందు అర నిమిషం కూడా నిలబడడు. అందుకని ముందుగా మన నకాషీ పటం, అంటే కథను బొమ్మలుగా గీసిన పొడవాటి గుడ్డ చుట్ట గురించి చెప్పండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూత పూసి, ఆరబెట్టి, మళ్లీ పూసి, అది గట్టిపడ్డాక ఇటుకరంగు నేల మీద గళ్లు గళ్లుగా కథంతా రాస్తారు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు గల ఆ పటాన్ని కథకుడు ఒక్కో గడి విప్పుతూ పాడతాడు. కథలు చెప్పే కులాలైన కూనపులివారు నేతపని చేసే పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణం చెప్పేది ఇలాంటి పటాల మీదనే. వరంగల్ కొత్తవాడ నేతకారుల పిల్లలు మీ తరగతిలో ఉంటే, ఆ కథ వాళ్ల ఇంటిదేనని తెలిసినప్పుడు వాళ్లు వినే తీరే వేరుగా ఉంటుంది.

ఇంకొక మాట. పాతబడిన పటాన్ని పూజ చేసి నీటిలో కలపడం ఆచారం కాబట్టి పాత పటాలు మిగిలినవే తక్కువ. అలాంటిది ఏ మ్యూజియంలోనైనా ప్రదర్శనకు పెట్టారని తెలిస్తే దయచేసి వాయిదా వేయకండి.

జవాబు – కరీంనగర్

ప్రత్యేక ప్రదర్శనలు తొందరగా ముగియడానికి ముఖ్యమైన కారణం వెలుతురే. గుడ్డ, కాగితం, నీటిరంగులు వెలుతురు తగిలినకొద్దీ వెలిసిపోతాయి, ఆ నష్టం మళ్లీ పూడదు. అందుకే అటువంటి వస్తువులున్న గదుల్లో కాంతిని సుమారు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) పరిమితం చేసి, కొన్నాళ్లు చూపించాక తిరిగి చీకటి గదుల్లో భద్రపరుస్తారు. గది మసకగా ఎందుకుందని పిల్లలు తప్పక అడుగుతారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే, ఫ్లాష్ వేసి ఫొటో తీయవద్దన్న మాటను వాళ్లే పాటిస్తారు.

ఉపాధ్యాయురాలు, హనుమకొండ

అందరికీ కృతజ్ఞతలు. నవంబరు వారోత్సవాలకే ప్రయత్నిస్తాం. దానికి ముందు పటం కథ చెప్పే కళాకారులను బడికి పిలిపించాలంటే ఎవరిని అడగాలి?

జవాబు – చేర్యాల

కొత్తవాడలోని పద్మశాలి కుల పెద్దలను అడగండి, కూనపులివారు కథ చెప్పడానికి వచ్చేది వారి దగ్గరికే. పటం పూర్తిగా విప్పాలంటే ఎత్తైన కర్రల పందిరి కావాలి కాబట్టి తరగతి గదిలో కాకుండా ఆవరణలో ఏర్పాటు చేయండి. కళాకారులకు ఇవ్వవలసిన సంభావన ముందే మాట్లాడుకోండి.