‘జస్ట్ అరౌండ్ ది కార్నర్’ అని వరదకి వాడొచ్చా?

ట్యూషన్ మాస్టారు, అమలాపురం: ‘ది ఫ్లడ్ ఈజ్ జస్ట్ అరౌండ్ ది కార్నర్’ అని ఓ కుర్రాడు కాంపోజిషన్‌లో రాశాడు, కొట్టేశాను. క్రిస్మస్సో, పరీక్షలో అయితే అలా అంటాం, వస్తాయని ముందే తెలుసు కాబట్టి. వరదకి ‘ఇమినెంట్’ (ముంచుకొస్తోంది) అనాలి. ఏమంటారు?

గట్టుమీదోడు: తప్పేం లేదండి. త్వరలో రాబోతోందని అర్థం. మంచికీ వాడతారు, చెడుకీ వాడతారు.

ట్యూషన్ మాస్టారు: త్వరలో అంటే ఎప్పుడు? పండక్కి తారీఖుంటుంది. వరదకేదండి తారీఖు?

లంకరైతు: ఆయ్, ఎందుకు లేదండి? భద్రాచలంలో గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కణ్ణించి ధవళేశ్వరం ఎప్పటికొస్తాదో లెక్కేసుకునే కదండి మేం గేదెల్ని గట్టెక్కించేది.

కాకినాడ కుర్రోడు: మార్కు వేసేద్దురూ మాస్టారూ, పాపం.

ట్యూషన్ మాస్టారు: హెచ్చరిక సంగతి కాదు నేనడిగింది. ముందే తెలియడం వేరు, ఎదురుచూడ్డం వేరు. ఎదురుచూసేవాటికే ఆ మాట.

గట్టుమీదోడు: ఇందాక తెలిస్తే చాలన్నారు, ఇప్పుడు ఎదురుచూడాలంటున్నారు. ‘డిజాస్టర్ ఈజ్ జస్ట్ అరౌండ్ ది కార్నర్’ అని ఇంగ్లీషోళ్ళే రాస్తారండీ బాబూ. డిజాస్టర్ కోసం ఎవరు ఎదురుచూస్తారు?

లంకరైతు: మేం చూస్తామండి. అంటే పెద్దది కాదు, చిన్న వరద. ఓ పంట పోయినా ఒండ్రు పడితే తర్వాతి కాపు బాగుంటాది. ఆ కుర్రాడిది మాలాగే ఏటి మధ్య లంకే అయ్యుంటాది, అందుకే అలా రాశాడు. పట్నంలో కూర్చుని మీరు దిద్దేస్తే ఎలా?

ట్యూషన్ మాస్టారు: పట్నమా? 1986 ఆగస్టులో మా ఇల్లు గోడలతో సహా పోయింది. భద్రాచలంలో 75.6 అడుగులొచ్చిన ఏడది. పడవ రాక మా నాన్నగారు రాత్రంతా చెట్టు మీదున్నారు. ఆ ఏడే ఊరొదిలి వచ్చేశాం. ఇప్పుడెవడో వచ్చి వరదని చుట్టం వస్తున్నట్టు రాస్తే నేను టిక్కు పెట్టాలా?

లంకరైతు: ఇదన్నమాట సంగతి. మరి ఇంగ్లీషుని ఎందుకు లాగారండి మధ్యలోకి? మాదీ పోయిందా ఏడు. 2022 జులైలో 71 దాటినప్పుడు మళ్ళీ మునిగింది. మీరొదిలేశారు, మేం ఉండిపోయాం.

ట్యూషన్ మాస్టారు: ఉండిపోవడం గొప్పా?

లంకరైతు: గొప్పని ఎవరన్నారండి? భూమి అక్కడుంది.

గట్టుమీదోడు: ఇంతకీ మార్కు?

ట్యూషన్ మాస్టారు: అర మార్కు వేస్తాను. స్పెల్లింగ్ బాగుంది కాబట్టి.