వార్మప్‌కి ఆలస్యమైతే 15 గజాలా?

క్లారినెట్_నాన్న, ఒహాయో:
మొన్న శుక్రవారం మా అమ్మాయి వాళ్ళ హైస్కూల్లో హోమ్‌కమింగ్ (పాత విద్యార్థులు కూడా వచ్చే వార్షిక వేడుక) అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. హాఫ్‌టైమ్ తర్వాత అవతలి జట్టు వార్మప్‌కి ఆలస్యంగా వచ్చిందని రెఫరీ ఫ్లాగ్ (తప్పు జరిగిందని చూపే పసుపు గుడ్డ) వేసి, శిక్షగా 15 గజాలు వెనక్కి నెట్టాడు. వాళ్ళకిచ్చిన లాకర్ రూమ్ స్కూల్ బిల్డింగ్‌లో ఉంది. పిల్లలు క్లీట్స్ (మేకుల బూట్లు) టకటకలాడించుకుంటూ పార్కింగ్ లాట్ అంతా దాటి రావాలి. ఆట మళ్ళీ మొదలవకముందే శిక్షేంటండీ?

చారల_చొక్కా:
నేను శుక్రవారాలు ఈ మ్యాచ్‌లకి లైన్ జడ్జ్‌గా (రెఫరీ బృందంలో ఒకడిగా) వెళ్తుంటాను. చాలా రాష్ట్రాల హైస్కూళ్ళు పాటించే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ రూల్స్‌లో హాఫ్‌టైమ్ మామూలుగా 15 నిమిషాలు. 20 దాకా పెంచుకోవచ్చు గానీ, హోమ్ టీమ్ వాళ్ళు కనీసం 5 రోజుల ముందే అవతలి వాళ్ళకి చెప్పాలి. ఆ టైమ్ అయిపోగానే గడియారాన్ని 3:00కి పెట్టి నడిపిస్తారు. ఆ మూడు నిమిషాల వార్మప్ తప్పనిసరి. జట్టుని మైదానంలోకి తెచ్చే బాధ్యత హెడ్ కోచ్‌దే. చలిలో కూర్చుని లేచి నేరుగా కిక్కాఫ్‌కి పరిగెడితే తొడ కండరం పట్టేస్తుంది.

ఫ్రిస్కో_రావు:
మావాడు ఎప్పటినుంచో ఆడుతున్నాడు, ఈ రూల్ ఎక్కడా వినలేదే!

చారల_చొక్కా:
టెక్సస్‌లో హైస్కూళ్ళు కాలేజీ రూల్స్‌తో ఆడతాయి రావుగారూ. మీ లెక్క వేరు.

ఫ్రిస్కో_రావు:
అయితే టెక్సస్ పిల్లలకి తొడ కండరాలు ఉండవా?

క్లారినెట్_నాన్న:
కండరాల సంగతి పక్కన పెట్టండి. గడియారం 3:00కి పెట్టేసరికి, హాఫ్‌టైమ్ షో చేసిన మా అమ్మాయి వాళ్ళ బ్యాండ్ ఇంకా మైదానంలోనే ఉంది. డ్రమ్స్ బండి చక్రం బురదలో దిగబడితే నలుగురు పిల్లలు లాగుతున్నారు. ఓ అంపైర్ వచ్చి కోళ్ళను తోలినట్టు ‘పదండి పదండి’ అన్నాడు.

చారల_చొక్కా:
బ్యాండ్ లేటైతే గడియారం ఆగదు. జనం టికెట్ కొన్నది మ్యాచ్‌కి.

క్లారినెట్_నాన్న:
ఆ మాట మీ నోట రావాలనే చూస్తున్నా! ఆగస్టు ఎండలో తారురోడ్డు మీద మార్చింగ్ నేర్చుకున్నారు మా పిల్లలు. అమ్మాయి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. జట్టు పిల్లలు మాత్రమే పిల్లలా?

కిక్కర్_అమ్మ:
అన్నా, మీ కోపం ఫ్లాగ్ మీద కాదు, బ్యాండ్‌ని తోలేశారని. అది ముందే చెప్పొచ్చుగా.

క్లారినెట్_నాన్న:
రెండూ ఒకటేనమ్మా. బ్యాండ్ తప్పుకునేదాకా ఆ మూడు నిమిషాలు మొదలుపెట్టకుండా ఉంటే ఫ్లాగ్ పడేది కాదు.

ఫ్రిస్కో_రావు:
మా దగ్గర సగం జనం బ్యాండ్ చూసి ఇంటికెళ్ళిపోతారు.

చారల_చొక్కా:
హోమ్‌కమింగ్ షో పెద్దదని మీ స్కూల్ వాళ్ళకి ముందే తెలుసు. 20 నిమిషాలు కావాలని అవతలి వాళ్ళకి చెప్పారో లేదో కనుక్కోండి.

క్లారినెట్_నాన్న:
కనుక్కుంటా. చెప్పకపోయుంటే, మరి ఫ్లాగ్ ఎవరి మీద పడాలి?