గింజలు నానబెట్టి నాటాలా, పొడిగానే నాటాలా?

కొత్తమడి:
పెరట్లో మొదటిసారి మడి కట్టాను. బీన్స్ గింజలు 20 పొద్దున్నే నీళ్ళలో వేశాను. పనిలో పడి మర్నాడు పొద్దుటిదాకా తీయలేదు. నాటితే 4 మొలిచాయి. మిగతావి తవ్వి చూస్తే మెత్తగా, జిగురుగా, కంపు కొడుతున్నాయి. ఆ భయంతో కాకర గింజలు 8 పొడిగానే పెట్టాను. 18 రోజులైంది, ఒక్కటీ పైకి రాలేదు. నానబెట్టినవి కుళ్ళాయి, నానబెట్టనివి ఉలకవు పలకవు. ఏది సరైన పద్ధతో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పందిరికింద:
నానబెట్టాలి. 15 ఏళ్ళుగా తీగజాతులన్నీ నానబెట్టే పెడుతున్నాను. కాకర, బీర, పొట్ల గింజలకి పెంకు మందం. నీళ్ళు లోపలికి దిగితే తప్ప పిలకకి మెలకువ రాదు. గోళ్ళు తీసుకునే కత్తెరతో మొన పక్కన పెంకుని కొద్దిగా చిట్లించి, లోపలి పప్పు తెగకుండా చూసుకుని, 12 గంటలు నీళ్ళలో ఉంచండి. తర్వాత తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట పెట్టండి. తెల్లటి వేరు మొన కనిపించగానే మట్టిలోకి మార్చండి. మీ 8 గింజలూ చచ్చిపోలేదు, పెంకు లోపల నిద్రపోతూ ఉంటాయి. మీ బీన్స్ కుళ్ళింది నానబెట్టినందుకు కాదు, రోజంతా వదిలేసినందుకు.

పొడినేల:
కాకర మాట సరే. కానీ బీన్స్‌కి అసలు నానబెట్టడమే తప్పు అని ఎందుకు చెప్పరు? బీన్స్ గింజకి తోలు పల్చన. బాగా ఎండిన గింజని ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే గబగబా తాగేస్తుంది. లోపలి పప్పుబద్దలు ఆ వేగానికి పగుళ్ళిస్తాయి. కణాల్లోని చక్కెరలు బయటికి కారతాయి, ఆ తీపి కోసం బూజు వచ్చి చేరుతుంది. పైగా గింజ ఊపిరి తీసుకుంటుంది, నీళ్ళ అడుగున దానికి గాలి ఉండదు. తేమ ఉన్న మట్టిలో 2, 3 సెంటీమీటర్ల లోతున పొడిగింజ పెడితే నీళ్ళు నెమ్మదిగా తాగుతుంది, 7, 8 రోజుల్లో లేస్తుంది. కొత్తవాళ్ళకి "నానబెట్టాలి" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నష్టం చేస్తుంది.

చినుకు:
కొత్తమడి గారూ, మట్టి ఏం కలిపారు? నీళ్ళు దిగిపోతున్నాయా, నిలుస్తున్నాయా? అది తెలియకుండా ఏం చెప్పగలం?

పందిరికింద:
పొడినేల గారూ, నేను 12 గంటలు అన్నాను. ఆయన 24 ఉంచారు. రెండూ ఒకటెలా అవుతాయి? బీన్స్ కూడా నేను 6 గంటలు నానబెడతాను, ఎప్పుడూ పోలేదు.

పొడినేల:
ఇప్పుడు 6 అంటున్నారు. పై పోస్టులో బీన్స్ కోసం గంటలే చెప్పలేదు. పాత చర్చల్లో చాలాసార్లు "రాత్రంతా" అని రాశారు. రాత్రంతా అంటే ఎన్ని గంటలు? ఒకరు 9 గంటలకి పడుకుంటారు, ఒకరు 12కి. చలిరోజుల్లో నీళ్ళు చల్లగా ఉంటాయి, చన్నీళ్ళలో ఎండుగింజకి దెబ్బ ఇంకా ఎక్కువ.

పందిరికింద:
రాత్రంతా అంటే రాత్రంతా. పల్లెలో పుట్టినవాళ్ళకి గడియారం అక్కర్లేదు.

మడిగట్టు:
నేను బెండ మాత్రం నానబెడతాను, టమాటా, వంగ, మిరప పొడిగానే చల్లుతాను. అన్నిటికీ ఒకే సూత్రం కుదరదు. ధనియాలైతే నానబెట్టే ముందు రెండుగా నలుపుతాను, ఒక్కో కాయలో రెండు గింజలుంటాయి కదా.

పొడినేల:
మడిగట్టు అక్కా, బెండ అన్నారు కాబట్టి చెప్తున్నాను. పోయిన ఏడాది ఇక్కడి సభ్యులొకరు నాకు బెండ గింజలు పంపారు. 30. కాగితం మీద "రాత్రంతా నానబెట్టి నాటండి" అని రాసి పెట్టారు. అలాగే చేశాను. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. అడిగితే "మీరు ఎక్కువసేపు నానబెట్టి ఉంటారు" అన్నారు. ఇప్పుడు కొత్తమడి గారికి అన్న మాటే. గింజ మొలవకపోతే తప్పెప్పుడూ నాటినవాడిదే అవుతుందా?

పందిరికింద:
ఆ సభ్యులెవరో దాచక్కర్లేదు. నేనే పంపాను. సొంత ఖర్చుతో, ఒక్క రూపాయి అడక్కుండా, ఆ ఏడాది 40 మందికి పంపాను. అందులో మీరొక్కరే ఇలా అందరి ముందు పెడుతున్నారు. మిగతావాళ్ళకి మొలవలేదా? ఆ గింజలు పంపేముందు నీళ్ళలో వేసి చూశాను, అన్నీ మునిగాయి. తేలినవి తీసేశాను.

పొడినేల:
మిగతా 39 మందికి మొలిచిందని మీకెవరు చెప్పారు? మొలవనివాళ్ళు సిగ్గుపడి ఊరుకుని ఉండొచ్చు.

చినుకు:
మునగడం తేలడం పరీక్ష కాదండీ. గింజ ప్రాణం పోయినంత మాత్రాన బరువు తగ్గదు, చచ్చిన గింజ కూడా మునుగుతుంది. తోలు కింద గాలి ఉంటే బతికిన గింజ తేలుతుంది. పురుగు తొలిచినవి, తాలుగింజలు తప్ప దాంతో ఏమీ తెలియదు.

నీడచెట్టు:
గింజ అంత తేలిగ్గా చావదు. ఇజ్రాయెల్‌లోని పాత మసాడా కోట తవ్వకాల్లో దొరికిన 2000 ఏళ్ళ నాటి ఖర్జూరం గింజ 2005లో మొలిచింది. రెండేళ్ళ బెండ గింజ ఎందుకు మొలవదు?

చినుకు:
నీడచెట్టు గారూ, ఆ గింజలు అన్నేళ్ళూ ఎండిపోయిన ఎడారి గాలిలో ఉన్నాయి. అప్పుడు నాటింది 3, మొలిచింది 1. విత్తన నిల్వకి ఒక మోటు లెక్క ఉంది: గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, నిల్వ ఉంచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపు. అదే లెక్క తిరగేస్తే, తేమా వేడీ ఉన్న చోట గింజ ఎంత త్వరగా పోతుందో చూడండి. ఉల్లి గింజైతే ఏడాది దాటితేనే అనుమానం. పందిరికింద గారూ, మీ బెండ గింజలు ఎక్కడ ఉంచారు?

పందిరికింద:
వంటింటి అటక మీద, రేకు డబ్బాలో. ఎప్పుడూ అక్కడే. ఎవరికైనా ఉచితంగా ఇచ్చినదాని మీద ఇంత విచారణ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. ఇష్టం లేకపోతే తీసుకోవద్దు. తీసుకున్నాక మొలిపించుకోవడం తీసుకున్నవాళ్ళ పని. ఇకనుంచి ఎవరికీ పంపను, గొడవ వదిలిపోతుంది.

మడిగట్టు:
అన్నా, అంత మాట వద్దు. నా పందిరి మీద ఉన్న పొట్ల మీరిచ్చిందే.

పొడినేల:
ఉచితమో కాదో నాకు ముఖ్యం కాదు. చెప్పకూడదనుకున్నాను, ఇక చెప్తాను. మా అమ్మ దగ్గర బెండ రకం ఒకటి ఉండేది. పొట్టి కాయ, అయిదు పలకలు కాదు, ఏడెనిమిది పలకలు. అమ్మ పోయాక చిన్న సీసాలో 60 దాకా గింజలు మిగిలాయి. పోయిన ఏడాది అవి నాటాల్సింది. మీ గింజలు వచ్చాయని, 15 ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు పంపారని, మడి మీ వాటికి ఇచ్చాను. అమ్మవి మరుసటి ఏడాదికి దాచాను. మీవి మొలవలేదని తెలిసేసరికి అదను దాటింది. ఈ ఏడాది అమ్మ గింజలన్నీ పెట్టాను. 60లో 2 మొలిచాయి.

నేను అడిగేది నానబెట్టాలా వద్దా అని కాదు. పంపేముందు తడిగుడ్డలో 20 గింజలు వేసి ఎన్ని మొలిచాయో చూసి, ఆ అంకె కాగితం మీద రాస్తే ఏం పోయేది? విత్తన పరీక్షశాలలు 400 గింజలు వేసి లెక్కపెడతాయి. మనం 20 అయినా వేయలేమా? "20లో 3" అని రాసుంటే నేను ఆ మడిలో అమ్మ గింజలే పెట్టేదాన్ని.

చినుకు:
ఇన్ని పోస్టుల తర్వాత అసలు మాట ఇది. గింజ ఇచ్చేవాళ్ళు మొలకశాతం చెప్పాలా వద్దా.

నీడచెట్టు:
అందరూ పరీక్షలు పెట్టాలంటే ఎవరూ ఇవ్వరు. నేనైతే ఇవ్వను.

మడిగట్టు:
పరీక్ష చేయకపోయినా కనీసం ఏ ఏడు కోసిందో రాస్తే చాలు కదా?

కొత్తమడి:
చినుకు గారూ, ఆలస్యంగా చెప్తున్నందుకు క్షమించండి. పెరటి మట్టి ఒట్టిదే వేశాను, జిగురు మట్టి. నీళ్ళు పోస్తే గంటదాకా నిలుస్తాయి. కాకర గింజలు తవ్వి చూశాను. 5 గట్టిగా, పెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పందిరికింద గారు చెప్పినట్టు పెంకు చిట్లించి గుడ్డలో పెట్టాను, నాలుగో రోజుకి 3 వేరు విడిచాయి. బీన్స్ ఈసారి పొడిగానే, ఇసుకా కంపోస్టూ కలిపిన మట్టిలో పెట్టాను. మొదటిరోజు తడిపి, తర్వాత పైమట్టి ఆరినప్పుడే చల్లాను. 20లో 16 లేచాయి.

పొడినేల:
మంచిది. మొలకలు లేచాక కూడా సాయంత్రం నీళ్ళు వద్దు. రాత్రంతా తడి ఉంటే కాండం మట్టి దగ్గర సన్నబడి పడిపోతుంది. అదే నారుకుళ్ళు.

పందిరికింద:
ఎనిమిది రోజులు ఇటు రాలేదు. కోపంతోనే రాలేదు. వచ్చేముందు ఒక పని చేశాను. ఆ రేకు డబ్బాలో మిగిలిన బెండ గింజలు 20 తీసి, 10 నానబెట్టి, 10 నానబెట్టకుండా తడిగుడ్డల్లో చుట్టి పెట్టాను. 8 రోజులు చూశాను. నానబెట్టినవాటిలో 1, నానబెట్టనివాటిలో 1.

పొడినేల గారూ, మీరు ఎక్కువసేపు నానబెట్టారన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను పంపింది చచ్చిన గింజ. పోయిన ఏడాదికే పోయిందో తర్వాత పోయిందో ఇప్పుడు తేల్చలేను, కానీ చూసి పంపాల్సింది, చూడలేదు. ఆ 40 మందికీ ఒక్కొక్కరికే రాస్తున్నాను. అయినా ఒక మాట మీద మాత్రం కదలను: కాకరకి పెంకు చిట్లించి నానబెట్టాల్సిందే.

మీ అమ్మగారి మొక్కలు రెండూ ఎలా ఉన్నాయి?

పొడినేల:
ఒకటి మొలకలోనే తెగి పడిపోయింది. రెండోది మోకాలెత్తు వచ్చింది. బెండ తన పుప్పొడితోనే గింజ కట్టుకోగలదు, ఒక్క మొక్కైనా చాలు. పక్కన వేరే బెండ ఏదీ పెట్టలేదు, మొగ్గ విచ్చకముందే పల్చటి గుడ్డసంచి తొడుగుతున్నాను. మొదటి కాయ పడింది, ఎనిమిది పలకలు. కోయలేదు.