స్థిరమైన కక్ష్యా? నిలకడైన కక్ష్యా?

శని లాంటి గ్రహం చుట్టూ ఓ పెద్ద చందమామ తిరిగే దారిలోనే ఓ బుల్లి చందమామ కూడా ఢీకొట్టకుండా, తప్పిపోకుండా తిరుగుతుంటే ఆ గుణానికి తెలుగు మాట ఏమిటని గ్రూపులో అడిగారు. చాలామంది ‘స్థిరత్వం’ అన్నారు. పుస్తకాల్లో ఉన్న మాట అదే, కాదనను. కానీ ఇక్కడ మాత్రం నా ఓటు ‘నిలకడ’కే.

‘స్థిరం’ అనగానే కదలనిది అన్న అర్థమే ముందు తడుతుంది. పైగా ‘భూస్థిర కక్ష్య’ ఎప్పటినుంచో వాడుకలో ఉంది. అందులో ఉపగ్రహం మన నెత్తిన ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తుంది. శని దగ్గర జరిగేది అది కాదు.

శని చందమామల్లో డయోనీ ఒకటి, వ్యాసం సుమారు 1,120 కిలోమీటర్లు. అదే కక్ష్యలో దానికి ముందు హెలీన్, వెనక పాలిడ్యూసెస్ తిరుగుతాయి. పెద్దదానికి 60 డిగ్రీలు ముందు ఒకటి, 60 డిగ్రీలు వెనక ఒకటి, ఇలా చిన్న వస్తువులు నిలవగల చోట్లు రెండున్నాయని 1772లోనే గణితవేత్త లగ్రాంజ్ లెక్కకట్టి చూపించాడు. 2004లో శని దగ్గరికి వెళ్లిన కాసినీ వ్యోమనౌక ఫొటోల్లో దొరికిన పాలిడ్యూసెస్ మూడు కిలోమీటర్ల రాయి, అంతే. అదేమీ 60 డిగ్రీల దగ్గర కదలకుండా కూర్చోలేదు. డయోనీకి సుమారు 34 డిగ్రీల దాకా దగ్గరవుతుంది, మళ్లీ 91 డిగ్రీల దాకా వెనకబడుతుంది. ఒకసారి ఇలా వెళ్లి రావడానికి రెండేళ్లు దాటుతుంది. ఇంత తిరిగినా ఆ చుట్టుపక్కల్ని వదిలిపోదు. దీన్ని స్థిరం అంటే చదివేవాడు తప్పుగా ఊహించుకుంటాడు. ‘నిజం నిలకడ మీద తెలుస్తుంది’ అన్నప్పుడు ఆ మాటలో కాలం ఉంది, కుదురుకోవడం ఉంది. మనకు కావలసింది సరిగ్గా ఆ అర్థమే.

ఈ నిలకడకి షరతు ఒకటుంది: మధ్యలో ఉన్న గ్రహం బరువు పెద్ద చందమామకి కనీసం 25 రెట్లు ఉండాలి. శని బరువు డయోనీకి లక్షల రెట్లు కాబట్టి ఇక్కడ ఆ టెన్షన్ లేదు.

*

కింద కామెంట్లలో ఒకరు మంచి ప్రశ్న వేశారు: “మరి శని చందమామలే అయిన జేనస్, ఎపిమీథియస్ కక్ష్యలే మార్చేసుకుంటాయి కదండీ, అదీ నిలకడేనా?”

నిలకడేనండీ. నన్నడిగితే ఈ మాట అక్కడే ఇంకా బాగా అతుకుతుంది. వాటి కక్ష్యల మధ్య తేడా 50 కిలోమీటర్లే. లోపలిది కాస్త వేగంగా తిరుగుతూ బయటిదాన్ని అందుకోబోతుంది. దగ్గరికి రాగానే ముందున్నది దీన్ని తనవైపు లాగుతుంది. ఆ లాగుడుకి దీని శక్తి పెరిగి పై కక్ష్యకి చేరుతుంది, అక్కడ వేగం తగ్గుతుంది. రెండోది శక్తి పోగొట్టుకుని లోపలికి దిగి, వేగం పుంజుకుని దూరమైపోతుంది. సుమారు నాలుగేళ్లకోసారి ఇదే జరుగుతుంది. జేనస్ బరువెక్కువ కాబట్టి తక్కువ జరుగుతుంది, ఎపిమీథియస్ ఎక్కువ జరుగుతుంది. చోట్లు మారుతున్నాయి, పొందిక మారడం లేదు. ‘స్థిరంగా మార్చుకుంటాయి’ అంటే ఎబ్బెట్టుగా లేదూ?

దీనికి వ్యతిరేకం కూడా తేలిగ్గానే కుదురుతుంది. అంతరిక్షంలోని వెబ్ టెలిస్కోప్ తిరిగే ఎల్‌2 (సూర్యుడికి ఎదురువైపున, భూమికి అవతల ఉన్న చోటు) దగ్గర వదిలేసిన వస్తువు మెల్లగా జారిపోతుంది, అప్పుడప్పుడూ ఇంజన్ వెలిగించి సర్దుకోవాల్సిందే. అది ‘నిలకడ లేని చోటు’. విశేషణంగా ‘నిలకడైన’ బాగుంటుందా, ‘నిలకడగల’ బాగుంటుందా అన్నది మీరే చెప్పండి. నాకు మొదటిదే నోటికి వస్తోంది.